కండ పెరిగితే పరుగు పెరుగుతుందా?

శ్రీకాకుళం జిల్లాలో పోలీసు నోటిఫికేషన్ పడిందన్నా, సైన్యంలో భర్తీ ర్యాలీ జరుగుతుందన్నా ఊరూరా తెల్లవారుజాము నుంచే సందడి మొదలవుతుంది. హైస్కూలు మైదానాల్లో, కాలువ గట్లమీద, రహదారి పక్కన, సముద్రపు ఒడ్డు ఇసుకలో యువకులు పరుగులు తీస్తూ కనిపిస్తారు. ఎకరం, అరెకరం భూమిమీద బతికే కుటుంబాలకు ఇంట్లో ఒక్కడికి ఉద్యోగం వచ్చినా ఇల్లు గట్టెక్కుతుంది. అందుకే ఆ పరుగుమీద ఒక్క కుర్రాడి ఆశే కాదు, ఇంటిల్లిపాది ఆశా వుంటుంది.

ఈ కుర్రాళ్ళలో కొందరు ఇప్పుడు మైదానం మాని జిమ్ముల బాట పడుతున్నారు. ఛాతీ విరిసి, దండలు పొంగితే సెలక్షన్‌లో నెగ్గినట్టేనని వారి నమ్మకం. నెలనెలా జిమ్ము ఫీజు, ఆపైన డబ్బాల్లో వచ్చే పౌడర్లకు వేల రూపాయలు పోస్తున్నారు. అద్దంలో చూసుకుంటే మనిషి బాగానే కనిపిస్తాడు. కాని 1600 మీటర్ల పరుగులో మూడో రౌండు తిరిగేసరికి రొప్పు వచ్చి వెనకబడతాడు. పక్కన బక్కపలచగా వున్నవాడు అతన్ని దాటుకుంటూ పోతాడు.

ఇంతకీ కండకూ పరుగుకూ సంబంధం ఏమిటి? ఒంటి బరువు పరుగుకు చేటా, మేలా? ఎంతదూరం పరుగుకు ఎలాంటి ఒళ్ళు కావాలి? భర్తీకి సిద్ధమయ్యేవారూ, వారిని పంపే తల్లిదండ్రులూ తెలుసుకోదగ్గ విషయాలివి.

పరీక్ష అడిగేది ఏమిటి?

ముందుగా పరీక్షలో ఏమడుగుతారో చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం పురుష అభ్యర్థులు 1600 మీటర్లను 8 నిమిషాల్లో పరుగెత్తాలి. అది నెగ్గితీరాలి. దానితోపాటు 100 మీటర్లను 15 సెకన్లలో పరుగెత్తడమో, 3 మీటర్ల 80 సెంటీమీటర్ల లాంగ్‌జంప్ దూకడమో, రెండింటిలో ఒకటి నెగ్గాలి. ఆడపిల్లలకు 1600 మీటర్లకు 10 నిమిషాల 30 సెకన్ల వ్యవధి ఇచ్చారు. ఈ పరీక్షలు 2024 డిసెంబరు, 2025 జనవరి నెలల్లో జరిగాయి. తరువాతి నోటిఫికేషన్లలో లెక్కలు మారవచ్చు గనుక అభ్యర్థులు ఎప్పటికప్పుడు చూసుకోవాలి.

సైన్యంలో అగ్నివీర్ భర్తీకి పరుగు ఇంకా కఠినం. 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేసినవారికే మొదటి గ్రూపులో పూర్తి 60 మార్కులు. బీము పట్టుకుని పది పులప్‌లు తీసినవారికి మరో 40.

ఈ లెక్కలను వేగంలోకి మార్చి చూస్తే సంగతి తేటపడుతుంది. 1600 మీటర్లు 8 నిమిషాల్లో అంటే గంటకు 12 కిలోమీటర్లు. 400 మీటర్ల రౌండు ఒక్కొక్కటి రెండు నిమిషాల్లో తిరగాలి. సైన్యం అడిగేది గంటకు పదిహేడున్నర కిలోమీటర్లు. రౌండు 82 సెకన్లలో ముగియాలి. 100 మీటర్లు 15 సెకన్లలో అంటే గంటకు 24 కిలోమీటర్లు. అంటే ఒకే మనిషిని రెండు వేర్వేరు పనులు చేయమంటున్నారు. ఒకటి పదిహేను సెకన్ల పాటు ఒళ్ళు విదిల్చి చేసే పని. రెండోది ఆరేడు నిమిషాల పాటు ఊపిరి అందుకుంటూ చేసే పని. ఈ రెండింటికీ ఒంటి బరువు ఒకే తీరుగా పనిచేయదు.

పరుగంటే ఒళ్ళు మోయడమే

సైకిలు తొక్కేవాడి బరువును సీటు మోస్తుంది. ఈదేవాడి బరువును నీరు మోస్తుంది. పరుగెత్తేవాడి బరువును మోసేవాడు వాడే. ప్రతి అంగలోనూ ఒంటిని నేలమీద నుంచి పైకి విసరాలి, మళ్ళీ కిందికి వచ్చేటప్పుడు ఒంటికాలిమీద ఆపాలి. మామూలు పరుగులో కాలు నేలకు ఆనినప్పుడు దానిమీద పడే భారం ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు వుంటుంది. గొప్ప స్ప్రింటర్లు పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు నాలుగు రెట్లు కూడా దాటుతుంది.

అంగ నాలుగడుగులనుకుంటే 1600 మీటర్ల పరుగులో సుమారు 1300 అంగలు పడతాయి. భుజాన ఐదు కిలోల బియ్యం మూట పెట్టుకుని అన్నిసార్లు ఎగిరి దూకమంటే ఎవరైనా వద్దంటారు. అయితే ఆ ఐదు కిలోలూ దండల్లోనో, ఛాతీమీదో, పొట్టలోనో వుంటే బరువుగా తోచదు. కాళ్ళకూ గుండెకూ మాత్రం ఆ బరువు తెలుస్తుంది.

దీన్ని కొలిచి చూసినవారున్నారు. 1978లో అమెరికాలో క్యూరెటన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కొందరి ఒంటికి అదనపు బరువులు కట్టి 12 నిమిషాల పరుగు పెట్టించారు. ఒంటి బరువులో ప్రతి 5 శాతం అదనపు బరువుకూ వారు పరుగెత్తిన దూరం సగటున సుమారు 90 మీటర్లు తగ్గింది. 60 కిలోల మనిషికి 5 శాతం అంటే మూడు కిలోలు. ఇదే లెక్కను 8 నిమిషాలకు ఉజ్జాయింపుగా వేసుకుంటే 60 మీటర్ల తేడా వస్తుంది. గంటకు 12 కిలోమీటర్ల వేగంమీద అది 18 సెకన్లు. పద్దెనిమిది సెకన్లలో ఎంతమంది ఉద్యోగాలు చేజారిపోయాయో మైదానం దగ్గర నిలబడి చూసిన డ్రిల్లు మాస్టార్లకు తెలుసు.

ఊపిరి లెక్క

బరువు పెరిగితే ఊపిరి ఎందుకు చాలదు? మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువును రక్తం కండలకు చేరవేస్తుంది. ఎంత చేరవేయగలదన్నది గుండె, ఊపిరితిత్తులు, రక్తం మీద ఆధారపడి వుంటుంది. దీన్ని నిమిషానికి ఇన్ని లీటర్లని కొలుస్తారు.

గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తడానికి ఒంటిలోని ప్రతి కిలోకూ నిమిషానికి సుమారు 43 మిల్లీలీటర్ల ప్రాణవాయువు కావాలి. ఒక కుర్రాడి గుండె నిమిషానికి ఎక్కువలో ఎక్కువ 3 లీటర్లు అందించగలదనుకుందాం. అతను 65 కిలోలుంటే కిలోకు 46 మిల్లీలీటర్లు వస్తుంది. అంటే అవసరానికి మించి కాస్త మిగులు వుంటుంది. అదే కుర్రాడు జిమ్ములో చేరి 72 కిలోలయ్యాడనుకుంటే కిలోకు 42 కూడా రాదు. గుండె అదే, ఊపిరితిత్తులు అవే, పంచుకునే ఒళ్ళు పెరిగింది. సంపాదన పెరగకుండా తినే నోళ్ళు పెరిగిన ఇల్లులాంటిది అది. మొదటి రెండు రౌండ్లు ఎలాగో లాక్కొచ్చినా, తరువాత కాళ్ళు బరువెక్కి, గొంతు ఎండిపోయి, నడకలోకి దిగుతాడు.

పెరిగింది కొవ్వు కాదు, కండే కదా అని కొందరంటారు. కండ నిజంగానే కొవ్వుకంటే మేలు. కాని పరుగులో దండ కండ చేసే పని కొంతే. చేతులు ఊపడానికి సన్నని చేతులైనా చాలు. నేలను తన్నేది తొడ, పిరుదు, పిక్క. పని చేసే కండ కూలివాడైతే, పని చేయని కండ బండిలో కూర్చున్న చుట్టం.

ఎద్దులను చూసినా తెలుస్తుంది

పల్లెటూరి వారికి ఇది కొత్త సంగతి కాదు. సంక్రాంతికి, శివరాత్రికి బండలాగుడు పోటీలకు తోలుకొచ్చే ఒంగోలు గిత్తలు కొండల్లా వుంటాయి. మోపురం, మెడ, తొడలు బరువెక్కి వుంటాయి. టన్నుల బండను కదిలించడానికి ఆ బరువు కావాలి. పరుగు పందేలకు కట్టే ఎడ్లు అలా వుండవు. పొట్ట లోపలికి, కాళ్ళు సన్నగా, ఒళ్ళు బిగువుగా వుంటుంది. బండలాగే గిత్తను పరుగు పందేనికి కట్టే రైతు ఎవరూ వుండడు. అదే రైతు కొడుకును మాత్రం బండలాగే ఒళ్ళు పెంచుకుని పరుగుకు వెళ్ళమంటున్నాం.

దీని వెనక ఒక చిన్న లెక్క వుంది. కండ బలం దాని అడ్డుకోత మందం మీద ఆధారపడుతుంది. తాడు ఎంత లావుంటే అంత బరువు లాగుతుంది, ఎంత పొడవన్నది కాదు. కాని బరువు మాత్రం పొడవు, వెడల్పు, మందం మూడింటితోనూ పెరుగుతుంది. ఒక మనిషిని అన్ని వైపులా రెండింతలు చేస్తే అతని బలం నాలుగింతలవుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలవుతుంది. అందుకే చీమ తనకంటే ఎన్నో రెట్ల బరువు మోస్తుంది. ఏనుగు తన అంత బరువు మోయలేదు. మనిషి విషయంలోనూ అంతే. పెద్ద ఒళ్ళున్నవాడు మొత్తంమీద ఎక్కువ బరువెత్తగలడు. తన ఒంటితో పోల్చి చూస్తే మాత్రం చిన్నవాడే బలవంతుడు. పులప్‌లు తీసేటప్పుడు ఎత్తవలసింది తన ఒంటినే గనుక అక్కడ కూడా ఈ లెక్కే పనిచేస్తుంది.

బరువుల ఆటకు తరగతులు ఎందుకు?

బలానికి మన ప్రాంతం పెట్టింది పేరు. వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడని పేరు పొందిన కోడి రామ్మూర్తినాయుడు పేరు శ్రీకాకుళం పట్టణంలోని స్టేడియానికే వుంది. వీరఘట్టం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినా ఉత్తరాంధ్ర అంతా ఆయన్ను తమవాడనే చెప్పుకుంటుంది. ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకున్నాడని, ఇనుప గొలుసులు తెంచాడని పెద్దలు కథలు కథలుగా చెబుతారు.

ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. అంతకుముందు 1994లో, 1995లో ఆమె ప్రపంచ ఛాంపియన్ అయినది 54 కిలోల తరగతిలో.

వెయిట్‌లిఫ్టింగ్‌లో, కుస్తీలో, బాక్సింగ్‌లో ఈ బరువు తరగతులు ఎందుకు పెట్టారు? ఒళ్ళు పెరిగితే ఎత్తే బరువు, పట్టే పట్టు పెరుగుతాయి గనుక పెద్దవాణ్ణి చిన్నవాడిమీదికి వదలకూడదని. పరుగు పందేల్లో బరువు తరగతులు లేవు. ఎందుకంటే అక్కడ బరువున్నవాడికి ఆ బరువువల్ల వచ్చే లాభం ఏమీ లేదు. మన ఊళ్ళో ఆడే కబడ్డీలోనూ ఇది చూడవచ్చు. పట్టు పట్టేవాడికి బరువు అక్కరకు వస్తుంది. కూతకు వెళ్ళేవాడికి చురుకు కావాలి. ఆటను బట్టి ఒళ్ళు.

ఒకే పట్నం, రెండు ఒళ్ళు

మరి స్ప్రింటర్లు కండలు తిరిగి వుంటారు కదా అన్న ప్రశ్న వస్తుంది. నిజమే. జర్మనీలోని బెర్లిన్ నగరంలో జరిగిన రెండు పరుగులను పక్కపక్కన పెట్టి చూడాలి. 2009 ఆగస్టులో జమైకా దేశస్థుడు ఉసేన్ బోల్ట్ అక్కడ 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సృష్టించాడు. ఎత్తు 195 సెంటీమీటర్లు, బరువు 90 కిలోలకు పైమాటే. 2022 సెప్టెంబరులో అదే నగరంలో కెన్యా దేశస్థుడు ఎలియూద్ కిప్‌చోగే 42 కిలోమీటర్ల మారథాన్‌ను 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో ముగించి అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఎత్తు 167 సెంటీమీటర్లు, బరువు 52 కిలోల ప్రాంతం.

కిప్‌చోగే వేగం గంటకు దాదాపు 21 కిలోమీటర్లు. సైన్యం మన కుర్రాళ్ళను ఒకటిన్నర కిలోమీటరుకు పైచిలుకు మాత్రమే పరుగెత్తమనే వేగంకంటే ఎక్కువ వేగంతో ఆ సన్నని మనిషి 42 కిలోమీటర్లూ పరుగెత్తాడు. 52 కిలోల ఒంటితోనే అది సాధ్యపడింది.

బోల్ట్ కండలు అతనికి ఎందుకు భారం కాలేదు? 100 మీటర్ల పరుగు పది సెకన్లలో ముగుస్తుంది. ఆ కాస్తసేపటికి కండల్లో నిలవ వున్న శక్తే చాలావరకు సరిపోతుంది. ఊపిరి లెక్క పెద్దగా అడ్డురాదు. పైగా అంత వేగంలో కాలు నేలకు ఆనేది సెకనులో పదో వంతుకంటే తక్కువసేపే. ఆ రెప్పపాటులో నేలను ఎంత బలంగా తన్నితే అంత వేగం. అమెరికాలో పీటర్ వేయాండ్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన పరిశోధన తేల్చింది కూడా ఇదే. వేగంగా పరుగెత్తేవారు కాళ్ళను గాలిలో ఇతరులకంటే త్వరగా తిప్పడం లేదు, నేలను ఇతరులకంటే బలంగా తన్నుతున్నారు. అలా తన్నడానికి తొడల్లో, పిరుదుల్లో కండ కావాలి. కండలో చటుక్కున ముడుచుకునే పోగులు, నిదానంగా ముడుచుకుంటూ అలసట ఎరగని పోగులు అని రెండు రకాలున్నాయి. స్ప్రింటర్లలో మొదటి రకం, దూరం పరుగెత్తేవారిలో రెండో రకం ఎక్కువ. ఇందులో పుట్టుకతో వచ్చేది కొంత, సాధనతో వచ్చేది కొంత.

ఇక్కడ కూడా ఒక మెలిక వుంది. స్ప్రింటర్ కండ పెంచేది నేలను తన్నే చోట. ఒంటినిండా లావెక్కించుకున్న బాడీబిల్డర్లు ఎవరూ ఒలింపిక్ 100 మీటర్ల పతకాలు తేవడం లేదు. పెరిగిన బలం పెరిగిన బరువుకు మించి వున్నంతవరకే కండ లాభం. బలాన్ని బరువు దాటిన రోజున నష్టం మొదలు.

బక్కవాడికి కూడా బలం కావాలి

ఇదంతా చదివి బరువులే ముట్టకూడదనుకుంటే అదీ పొరపాటే. తిండి చాలక బక్కచిక్కినవాడికి 100 మీటర్లు, లాంగ్‌జంప్ గగనమవుతాయి. అలాంటివారికి కాళ్ళలో బలం చేరితే మేలే జరుగుతుంది. దూరం పరుగెత్తేవారికి కూడా బలం పనికివస్తుంది. ఫిన్లండ్‌లో 1999లో ప్రచురితమైన ఒక పరిశోధనలో దూరం పరుగెత్తే క్రీడాకారులు తొమ్మిది వారాలపాటు తమ పరుగు సాధనలో కొంత తగ్గించి దూకుళ్ళు, చిన్న చిన్న స్ప్రింట్లు, వేగంగా ఎత్తే బరువులు చేర్చారు. వారి ఊపిరి సామర్థ్యం పెరగకపోయినా 5 కిలోమీటర్ల పరుగు సమయం మెరుగుపడింది. అంగ అంగకూ వృథా అయ్యే శక్తి తగ్గడమే దీనికి కారణం.

బలం పెరగడానికి ఒళ్ళు లావెక్కాలన్న నియమం లేదు. కసరత్తు మొదలుపెట్టిన తొలి వారాల్లో వచ్చే బలం చాలావరకు నరాలు కండను బాగా పనిచేయించడం నేర్చుకోవడంవల్ల వచ్చేదే. మన తాలింఖానాల్లో పూర్వం తీసిన బస్కీలు, మెట్లెక్కడం, గట్టు ఎక్కే పరుగు, ఒంటికాలి గెంతులు పరుగుకు కావలసిన కండకే మేలు చేస్తాయి. వీటికి డబ్బు ఖర్చు లేదు. వారానికి రెండు రోజులు చాలు.

ఛాతీ కొలత సంగతి కూడా చెప్పుకోవాలి. 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు గాలి పీల్చినప్పుడు 86.3 సెంటీమీటర్లు, అందులో 5 సెంటీమీటర్లు ఉబ్బు వుండాలన్నారు. ఆ ఉబ్బు వచ్చేది పక్కటెముకలు విచ్చుకోవడంవల్ల. దండీలు తీస్తూ, ఊపిరి నిండుగా పీల్చి వదిలే అభ్యాసం చేస్తే చాలు. దానికోసం పది కిలోల ఒళ్ళు పెంచనక్కరలేదు.

పౌడర్లు, సూదులు

శ్రమ చేసే కుర్రాడికి మాంసకృత్తులు కావలసిన మాట నిజం. ఒంటి బరువులో ప్రతి కిలోకూ రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాములు సరిపోతాయి. 60 కిలోలవాడికి 72 నుంచి 96 గ్రాములు. వంద గ్రాముల పప్పులోనో, ఉలవల్లోనో 22 గ్రాములకు తక్కువ వుండవు. వేరుశనగ గింజల్లో 25 గ్రాములు. గుడ్డుకు 6 గ్రాములు. పావు లీటరు పాలకు 8 గ్రాములు. వంద గ్రాముల చేపకు 20 గ్రాముల దాకా. ఉలవచారు, చోడి అంబలి, గుడ్డు, చేప దొరికే ఊళ్ళో వేల రూపాయల డబ్బా అవసరం చాలామందికి రాదు. పశువుకు ఉలవలు పెట్టి బలం వస్తుందని నమ్మే రైతు తన కొడుకు విషయంలో డబ్బామీది బొమ్మను నమ్మడం విచిత్రం.

డబ్బాలకంటే ప్రమాదం సూదులు. త్వరగా కండ పట్టడానికని కొన్నిచోట్ల స్టెరాయిడ్ సూదులు, మాత్రలు అంటగట్టేవారున్నారు. వీటివల్ల గుండె, కాలేయం దెబ్బతింటాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి, మొటిమలు, కోపం పెరుగుతాయి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లను 9.79 సెకన్లలో గెలిచిన కెనడా స్ప్రింటర్ బెన్ జాన్సన్ స్టెరాయిడ్ వాడినట్టు తేలి మూడు రోజులకే పతకం పోగొట్టుకున్నాడు. పతకం పోతే మరొకటి రావచ్చు. ఆరోగ్యం పోతే డబ్బు పోసినా రాదు.

పస్తులు కూడా పనికిరావు

బరువు తగ్గితే వేగం పెరుగుతుందని విని పరీక్ష ముందు వారం అన్నం మానేసేవారు, నీళ్ళు మానేసేవారు వున్నారు. పస్తులుంటే ముందు కరిగేది నీరు, కండలోని శక్తి. కొవ్వు అంత తొందరగా కరగదు. పొట్ట వున్నవారు రెండు మూడు నెలల ముందునుంచే నూనె, తీపి, రాత్రిపూట అన్నం తగ్గించుకుని వారానికి అరకిలో చొప్పున తగ్గడం క్షేమం. పరీక్ష వారంలో బరువుతో పేచీ పెట్టుకోకూడదు.

ఆడపిల్లల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత వుంది. రక్తం తక్కువైతే ప్రాణవాయువును మోసే బండ్లే తక్కువైనట్టు. అలాంటి పిల్ల బరువు ఎంత తగ్గినా పరుగు రాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పినట్టు ఐరన్ మాత్రలు వేసుకుంటే నెలా రెండు నెలల్లో తేడా తెలుస్తుంది. తిండి తగ్గించి సాధన పెంచితే నెలసరి ఆగిపోయి ఎముకలు బలహీనపడే ప్రమాదం కూడా వుంది. నెలసరి తప్పితే దాచుకోకుండా డాక్టరుకు చూపించాలి.

సాధన ఎలా?

1600 మీటర్ల పరుగుకు మందు పరుగే. కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టాలి. వారంలో మూడు రోజులు మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నిదానంగా అరగంట పరుగెత్తాలి. గుండె బలపడేది ఈ నిదానం పరుగులోనే. ఒకరోజు 400 మీటర్ల రౌండును రెండు నిమిషాలలోపు తిరిగి, రెండు నిమిషాలు నడిచి, మళ్ళీ తిరుగుతూ నాలుగైదుసార్లు చేయాలి. ఒకరోజు 60 మీటర్ల స్ప్రింట్లు, దూకుళ్ళు. ఒకరోజు పూర్తి విశ్రాంతి. బస్కీలు, గెంతులు స్ప్రింట్ల రోజున కలుపుకోవచ్చు. బరువైన బూట్లు వాడకూడదు. ఒక్కో బూటుకు వంద గ్రాములు పెరిగితే పరుగుకయ్యే ప్రాణవాయువు ఖర్చు ఒక శాతం పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

సాధన లేకుండా పరీక్షరోజున ఒక్కసారిగా ప్రాణాలకు తెగించి పరుగెత్తడం మంచిది కాదు. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ళ భర్తీకి పెట్టిన 10 కిలోమీటర్ల పరుగు పరీక్షల్లో పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. పరుగులో ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం ఎప్పుడైనా జరిగినవారు, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బుతో పోయినవారున్నవారు సాధనకు ముందే గుండె పరీక్ష చేయించుకోవాలి. ఎండలో పరుగు పెట్టవద్దు, నీళ్ళు మానవద్దు.

వారానికోసారి రెండు లెక్కలు పుస్తకంలో రాసుకుంటే చాలు. ఒకటి ఒంటి బరువు, రెండోది 1600 మీటర్ల సమయం. బరువు పెరిగినా సమయం తగ్గుతుంటే ఆ కండ పనికొచ్చే కండ. బరువు పెరిగి సమయం కూడా పెరుగుతుంటే జిమ్ముకు కట్టే డబ్బు ఇంట్లో గుడ్లకు, పాలకు ఖర్చుపెట్టడం మేలు. భర్తీ అధికారి అభ్యర్థి దండ చుట్టుకొలత రాసుకోడు. అతని చేతిలో వుండేది గడియారం.